గ్యాసింగ్ తర్వాత గదిలో మిగిలిపోయే పెరాక్సైడ్ ఆవిరి: క్యాటలిస్టు పెడితే ఎంతవరకు పోతుంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, పొరబడితే దిద్దండి. మీది మైక్రోబయాలజీ ల్యాబు. అందులో దాదాపు 60 క్యూబిక్ మీటర్ల స్టెరిలిటీ టెస్టింగ్ గది (మందుల్లో క్రిములు లేవని పరీక్షించేది). శనివారం సాయంత్రం 35 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ఆవిరి చేసి, గదిలోని క్రిములు చావడానికి గ్యాసింగ్ చేస్తారు. పై అంతస్తులు వేరేవాళ్లవి కాబట్టి ఎగ్జాస్టు డక్టు బయటికి తీయడానికి భవనం ఓనర్ ఒప్పుకోవడం లేదు. ఆదివారం మధ్యాహ్నానికి కూడా మీటరు 1 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో ఒక వంతు) కిందికి దిగట్లేదు, లోపలికి వెళితే కళ్లు మండుతున్నాయి. ఎవరో "క్యాటలిస్టు పెట్టించండి, గంటలో మాయమైపోతుంది" అన్నారు. అది నిజమేనా, ఏది పెట్టాలి, ఎంత పెట్టాలి, ఎన్నాళ్లు వస్తుంది అన్నవి మీ సందేహాలు.

పెట్టొచ్చు, పనిచేస్తుంది. మాంగనీస్ డయాక్సైడ్‌తో చేసిన గుళికలు గానీ, అల్యూమినా మీద ప్లాటినం లేదా పల్లేడియం పూసినవి గానీ ఒక పెట్టెలో పరిచి (ఆ గుళికల పరుపునే బెడ్డు అంటాం), గదిలో గాలినే ఫ్యానుతో వాటి గుండా తిప్పాలి. పెరాక్సైడ్ అక్కడ నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. బయటికి డక్టు అక్కర్లేదు. కాకపోతే "గంటలో" అన్న మాటను నమ్ముకుని సోమవారం పని పెట్టుకోకండి. క్యాటలిస్టు తన గుండా వెళ్లిన గాలినే శుభ్రం చేస్తుంది. ఆదివారం మధ్యాహ్నం మీ మీటరు చూపిస్తున్న ఆవిరిలో ఎక్కువ భాగం గోడలు, ప్లాస్టిక్కులు, అట్టపెట్టెలు శనివారం రాత్రి పీల్చుకుని ఇప్పుడు తీరిగ్గా వదులుతున్నదే అయ్యుంటుంది. దాని సంగతి చూడకుండా ఎంత ఖరీదైన క్యాటలిస్టు కొన్నా ఒకటే.

నేను పద్దెనిమిదేళ్లుగా స్టెరైల్ ఇంజెక్షన్ల ప్లాంట్లలో వాలిడేషన్ పని (యంత్రం, పద్ధతి అనుకున్నట్టే పనిచేస్తున్నాయని రుజువు చేయడం) చేస్తున్నాను. ఎక్కువ కాలం హైదరాబాద్ చుట్టుపక్కల, కొన్నాళ్లు విశాఖ దగ్గర. ఐసోలేటర్లు (గ్లౌజుల గుండా చేతులు పెట్టి పనిచేసే మూసిన పెట్టెలు), పాస్ బాక్సులు (సామాను లోపలికి పంపే చిన్న గదులు), మీ గదిలాంటి గదులు చాలానే చేశాను. కింద చెప్పేది ఆ అనుభవంలోంచి.

హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు విడిపోవాలనే ఉంటుంది, కానీ తనంతట తాను చాలా నిదానంగా విడిపోతుంది. 1818లో తెనార్ అనే ఫ్రెంచి రసాయనవేత్త దీన్ని కనిపెట్టినప్పుడే, మాంగనీస్ డయాక్సైడ్, వెండి లాంటివి తగిలితే ఇది బుసబుసా పొంగి విడిపోతుందనీ, ఆ పదార్థాలు మాత్రం తరిగిపోవనీ గమనించాడు. అలాంటి పదార్థాలు చేసే ఈ పనికి క్యాటలిసిస్ అని పేరు పెట్టింది బెర్జీలియస్ అనే స్వీడన్ రసాయనవేత్త, 1835లో. అంటే పేరు పుట్టకముందే ఈ పని తెలుసు. చిన్నప్పుడు మోకాలు చీరుకుంటే కాంపౌండర్ పోసిన మందు నురగలు కక్కింది గుర్తుందా? మన రక్తంలోని క్యాటలేజ్ అనే ఎంజైము చేసిన పని అది. బంగాళాదుంప ముక్క మీద పోసినా అలాగే పొంగుతుంది.

ఇప్పుడు మీ గది లెక్క. గ్యాసింగ్ ముగిసేసరికి గాలిలో 400 పీపీఎం ఉందనుకుందాం. పెరాక్సైడ్‌కు 1 పీపీఎం అంటే క్యూబిక్ మీటరుకు సుమారు 1.4 మిల్లీగ్రాములు. ఆ లెక్కన 60 క్యూబిక్ మీటర్ల గాలిలో ఉన్నది 33 గ్రాముల చిల్లర, అంతే. సీసాలోంచి మీరు పంపింది దీనికి చాలా రెట్లు ఉంటుంది. మిగతాదంతా దారిలో విడిపోయింది, లేకపోతే గదిలో ఏదో ఒకదానికి పట్టేసింది. ఈ 33 గ్రాములు విడిపోతే పుట్టే ఆక్సిజన్ సుమారు 12 లీటర్లు. 60,000 లీటర్ల గదిలో అది లెక్కలోకి రాదు, కాబట్టి "ఆక్సిజన్ పెరిగి నిప్పంటుకుంటుందా" అన్న భయం వద్దు. పుట్టే వేడి ఒక పెద్ద గ్లాసు నీళ్లను టీకి మరిగించేంత. బెడ్డు గుండా వెళ్లే గాలి డిగ్రీన్నర కూడా వేడెక్కదు. (ఇదంతా ఆవిరి సంగతి. ద్రవం తగిలితే కథ వేరు, కింద చెబుతాను.)

గంటకు గది పరిమాణానికి 20 రెట్ల గాలి, అంటే 1200 క్యూబిక్ మీటర్లు తిప్పారనుకోండి. ఒక్కసారి వెళ్లినప్పుడు 90 శాతం విడగొట్టే బెడ్డు అయితే, కాగితం మీద 400 నుంచి 1కి రావడానికి 20 నిమిషాలు చాలు. అమ్మేవాళ్లు చూపించే గ్రాఫు ఇదే. గదిలో జరిగేది ఇంకోలా ఉంటుంది. మొదటి అరగంటలో 400 నుంచి 10, 15కి చకచకా దిగుతుంది. అక్కడి నుంచి గీత వంగి పడుకుంటుంది. 10 నుంచి 1కి రావడానికి మూడు గంటలు పట్టిన గదులు నేను చూశాను. ఆ తోక పొడవును తేల్చేది క్యాటలిస్టు కాదు, గదిలో ఉన్న సామాను.

దీనికి నా సొంత కేసు ఒకటి. ఒక ప్లాంటులో స్టెరిలిటీ ఐసోలేటరు ఏరేషన్‌కు (గ్యాసింగ్ తర్వాత ఆవిరి పోగొట్టడానికి) ఐదు గంటలు తీసుకునేది. క్యాటలిస్టు చచ్చిపోయిందని కొత్తది తెప్పించే ఫైలు కూడా కదిలింది. నేను వెళ్లి బెడ్డు ముందు, వెనక కొలిచాను. లోపలికి 12, బయటికి 0.6. అంటే అది భేషుగ్గా పనిచేస్తోంది. లోపల చూస్తే మీడియా (క్రిములు పెరిగే ద్రావణం) డబ్బాలను వాటి అట్టపెట్టెలతో సహా పెట్టి గ్యాసింగ్ చేస్తున్నారు. విప్పడం బద్ధకమై. అట్ట, టైవెక్ (కాగితంలాంటి ప్లాస్టిక్) కవర్లు, సిలికోన్ ట్యూబులు, గ్లౌజుల రబ్బరు, నురుగు గాస్కెట్లు ఇవన్నీ ఆవిరిని స్పాంజిలా పీల్చేస్తాయి. స్టీలు, గాజు దాదాపు పీల్చవు. అట్టలు తీసేయించాక అదే క్యాటలిస్టుతో గంటా ముప్పావులో అయిపోయింది. కొత్తది కొనే ఫైలు మూలన పడింది.

కాబట్టి డబ్బు పెట్టే ముందు మీరు చేయాల్సిన పరీక్ష ఇది. ఆదివారం గదిలోంచి ఒక కుర్చీ సీటు, ఒక అట్టపెట్టె, ఒక ప్లాస్టిక్ ట్రే, ఒక స్టీలు ట్రే తెప్పించి విడివిడిగా పాలిథిన్ సంచుల్లో పెట్టి మూతి కట్టండి. అరగంట తర్వాత చిన్న రంధ్రం చేసి 0.1 నుంచి 3 పీపీఎం దాకా చూపించే డ్రేగర్ ట్యూబుతో (ఆవిరి తగిలితే రంగు మారే గాజు గొట్టం) లోపలి గాలి లాగి చూడండి. ఏ సంచిలో రంగు మారితే మీ శత్రువు అదే. తెచ్చే మనిషి ఒక నిమిషంలో వెళ్లి వచ్చేయాలి, అదీ మీటరు ఒకటి రెండు పీపీఎంలోకి వచ్చాకే. మామూలు మాస్కు, ఎన్95 మాస్కు ఆవిరిని ఆపవు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా కొత్త కుర్రాళ్లు ఎన్95 వేసుకుని ధైర్యంగా లోపలికి పోతూనే ఉంటారు.

ఇక ఏది కొనాలి. మీ వాడకానికి నేను మాంగనీస్ రకమే చెబుతాను. చవక, గది ఉష్ణోగ్రతలోనే పనిచేస్తుంది. దాని లోపం నల్లటి ధూళి. గుళికలు ఒకదానికొకటి రాసుకుని పొడి రాలుతుంది. ఒక చోట బెడ్డును హెపా ఫిల్టరు (సన్నటి ధూళిని కూడా ఆపేది) తర్వాత పెట్టారు. వారం తిరిగేసరికి తెల్లటి ఎపాక్సీ నేల మీద కాటుక పూసినట్టు గీతలు. బెడ్డు ఎప్పుడూ హెపాకు ముందే ఉండాలి. గుళికలు నింపేటప్పుడు ఆ పొడి పీల్చకూడదు కూడా. ప్లాటినం, పల్లేడియం రకాలు శుభ్రంగా ఉంటాయి, తేమను కాస్త బాగా తట్టుకుంటాయి, ధర మాత్రం బంగారు కొట్టు ధర. పైగా వాటికి సిలికోన్ అంటే గిట్టదు. సిలికోన్ సీలెంటు ఆరేటప్పుడు వచ్చే ఆవిర్లు ఆ లోహం మీద ఇసుకపొరలా పేరుకుపోతాయి, ఇక తిరిగి బాగుపడదు.

"ఎన్నాళ్లు వస్తుంది" అన్నదానికి జవాబు అందుకే తిన్నగా ఉండదు. క్యాటలిస్టు తరగదు గానీ ముసలిదవుతుంది. నా చేతుల మీదుగా ఒక బెడ్డు ఆరేళ్లు నడిచింది. ఇంకొకటి ఎనిమిది నెలలకే పోయింది, ఎందుకంటే మెయింటెనెన్సు వాళ్లు వానాకాలం ముందు తలుపుల చుట్టూ సిలికోన్ దట్టించి, ఆ రాత్రే ఫ్యాను వేసి వదిలేశారు. క్యాలెండరు చూసి మార్చకండి. మూడు నెలలకోసారి బెడ్డు ముందు, వెనక ఒకే సమయంలో కొలవండి. 90 శాతం ఉన్నది 80 కిందికి వస్తే మార్చే ఏర్పాట్లు మొదలుపెట్టండి. గుళికను 3 శాతం పెరాక్సైడ్‌లో వేసి బుడగలు వస్తున్నాయా అని చూసే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. సగం చచ్చిన గుళిక కూడా బుడగలు కక్కుతుంది, దాన్ని నమ్మొద్దు.

ఎంత కావాలన్నది సరఫరాదారు ఇచ్చే స్పేస్ వెలాసిటీని బట్టి ఉంటుంది. గంటకు ఒక లీటరు గుళికలు ఎన్ని లీటర్ల గాలిని శుభ్రం చేయగలవన్న లెక్క అది. ఉదాహరణకు 30,000 అని ఇస్తే మీ 1200 క్యూబిక్ మీటర్లకు 40 లీటర్ల గుళికలు కావాలి. 80 సెంటీమీటర్ల చదరపు ట్రేలో ఆరు సెంటీమీటర్లకు కాస్త పైగా మందంతో పరిస్తే సరిపోతుంది. గాలి సెకనుకు అర మీటరు వేగంతో వెళుతుంది. ట్రేను నిలువుగా పెట్టకండి. గుళికలు కిందికి కూరుకుపోయి పైన సందు వస్తుంది, గాలి ఆ సందులోంచి హాయిగా తప్పించుకుంటుంది. పడుకోబెట్టండి. ఫ్యాను కొనేటప్పుడు గుళికల అడ్డంకి కూడా లెక్కలో వేయమని చెప్పండి. మామూలు ఎగ్జాస్టు ఫ్యాను పెట్టి "1200 రాసి ఉంది కదా" అంటే, బెడ్డు అడ్డం వచ్చాక అది మూడో వంతు కూడా లాగదు.

ఇప్పుడు, నేను దగ్గరుండి చూసిన పొరపాట్లలో నన్ను ఎక్కువ ఏడిపించినది. ఒక గదిలో మూడు గ్యాసింగ్ సైకిళ్లు వరసగా బీఐలు (గ్యాసింగ్ పనిచేసిందా అని చూడటానికి పెట్టే బయలాజికల్ ఇండికేటర్లు) ఫెయిలయ్యాయి. స్టీలు డిస్కు మీద పది లక్షల జియోబాసిల్లస్ స్పోర్లు. అన్నీ చావాలి, ప్రతిసారీ రెండో మూడో బతికి మొలకెత్తుతున్నాయి. బీఐ లాటు మీద అనుమానం, ఇంక్యుబేటరు మీద అనుమానం, చివరికి పెట్టిన అమ్మాయి చేతుల మీద కూడా అనుమానం. పాపం ఆ పిల్ల టెన్షన్‌తో రెండు రోజులు అన్నం కూడా సరిగా తినలేదు. నాలుగోసారి నేను గ్యాసింగ్ జరుగుతున్నప్పుడు కాన్సంట్రేషన్ గీత చూస్తూ కూర్చున్నాను. 400 చేరాల్సింది 210 దగ్గర ఆగిపోతోంది. క్యాటలిస్టు పెట్టెలోకి గాలి వెళ్లే దారిని మూసే డ్యాంపరు (గాలి తలుపు) పూర్తిగా మూసుకోవడం లేదు. మేము ఒకవైపు ఆవిరి పోస్తుంటే క్యాటలిస్టు రెండోవైపు తినేస్తోంది. అంటే మందు వేస్తూనే విరుగుడు కూడా ఇచ్చాం. గ్యాసింగ్ సమయంలో క్యాటలిస్టు గుండా చుక్క గాలి కూడా వెళ్లకూడదు. మీ పెట్టెకు గట్టి షట్‌ఆఫ్ డ్యాంపరు, దాని ఫ్యానుకు గ్యాసింగ్ యంత్రంతో ఇంటర్‌లాకు (ఒకటి నడుస్తుంటే రెండోది నడవనివ్వని ఏర్పాటు) ఉండాలి. స్విచ్చు మీద "వేయవద్దు" అని కాగితం అంటించడం ఇంటర్‌లాకు కాదు.

ద్రవం సంగతి చెబుతానన్నాను కదా. 35 శాతం ద్రవం క్యాటలిస్టు మీద పడితే సెకన్లలో మరిగి ఆవిరి చిమ్ముతుంది. సోయుజ్ రాకెట్ల టర్బోపంపులను తిప్పేది ఇదే సూత్రం, ఇంకా గాఢమైన పెరాక్సైడ్‌తో. మీకు రాకెట్టు అక్కర్లేదు. మంచు తుంపర్లు చిమ్మే ఫాగరు వాడుతున్నట్టయితే బెడ్డు ముందు తుంపర్లను ఆపే జాలీ తప్పనిసరి. ఫాగింగ్ ఆగాక పదిహేను, ఇరవై నిమిషాలు ఆగి ఫ్యాను వేయండి. బెడ్డును పెరాక్సైడ్ డ్రమ్ముకు దూరంగా, ఏదైనా కారినా చేరని ఎత్తులో పెట్టండి. రాలిన గుళికను ఎవరైనా డ్రమ్ములో వేస్తే డ్రమ్ము పగిలే దాకా రావచ్చు.

మీటరు గురించి రెండు ముక్కలు. ఎనిమిది గంటల సగటుకు 1 పీపీఎం అన్న హద్దు అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా పెట్టినది, మన దగ్గరా ప్లాంట్లు దాన్నే పట్టుకుంటాయి. 75 పీపీఎం అయితే ప్రాణాపాయపు లెక్క. వాసనను నమ్ముకోలేరు, పెరాక్సైడ్‌కు చెప్పుకోదగ్గ వాసన లేదు. తక్కువ స్థాయి కొలిచే ఎలక్ట్రోకెమికల్ సెన్సరును గ్యాసింగ్ సమయంలో గదిలోనే వదిలేస్తే 400 పీపీఎం దెబ్బకు కళ్లు తిరిగి, తర్వాత గంటల తరబడి ఏదిపడితే అది చూపిస్తుంది. ఒకసారి 0.0 చూపించింది. ఆ సున్నాను చూసి టెక్నీషియన్ లోపలికి వెళ్లి రెండు నిమిషాల్లో దగ్గుతూ బయటపడ్డాడు, ట్యూబు లాగితే 3 దాటిపోయింది. అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే. ఎక్కువ స్థాయికి ఒక సెన్సరు, తక్కువ స్థాయికి ఇంకొకటి, తక్కువది ఏరేషన్ చివర్లోనే తెరవాలి. లోపలికి అడుగుపెట్టే ముందు ట్యూబు. స్టెరిలిటీ టెస్టు శాంపిల్స్‌కైతే 1 పీపీఎం కూడా ఎక్కువే. మీడియాలోకి దిగిన పెరాక్సైడ్ నిజంగా ఉన్న క్రిమిని చంపేసి మీకు దొంగ పాస్ ఇస్తుంది. ప్రోటీన్ మందులు నింపే చోట పీపీఎంలో పదో వంతు కంటే కిందికి తెచ్చాకే పని మొదలుపెడతారు, ఎందుకంటే ఆ కాస్తకే ప్రోటీన్ ఆక్సీకరణ చెందుతుంది.

ఏరేషన్‌లో గది ఉష్ణోగ్రత 25 పైన ఉంచండి. చాలామంది ఏసీని 18లో పెట్టి వెళ్లిపోతారు. చల్లటి గోడ ఆవిరిని వదలదు. పైగా ఏసీ లోపల తడిసిన కాయిలు పెరాక్సైడ్‌ను నీళ్లతో కలిపి పట్టుకుంటుంది, అది అల్యూమినియం రెక్కలను తినేస్తుంది. క్యాటలిస్టు నుంచి నీటి ఆవిరి కూడా వస్తుంది కాబట్టి ఒక డీహ్యూమిడిఫయరు పక్కన నడిస్తే మాంగనీస్ బెడ్డు చురుగ్గా ఉంటుంది.

మీ ప్రశ్న చివర్లో వేరే మందులకూ ఇదే బెడ్డు పనికొస్తుందా అని అడిగారు. ఓజోన్‌కు పనికొస్తుంది, మాంగనీస్ దానికీ మంచి విరుగుడే, తేమ తక్కువుంటే. పెరాసిటిక్ యాసిడ్ అయితే విడిపోయి అసిటిక్ యాసిడ్ మిగులుతుంది. మీటరు బాగుందంటుంది, గది మాత్రం వెనిగర్ పోసినట్టు ఘాటుగా ఉంటుంది. దానికి వెనక యాక్టివేటెడ్ కార్బన్ పొర కావాలి. (ఆ కార్బన్‌ను ఓజోన్‌కు గానీ గాఢమైన పెరాక్సైడ్‌కు గానీ నేరుగా అప్పగించకండి, వేడెక్కి అంటుకోగలదు.) ఫార్మలిన్ ఫ్యూమిగేషన్‌కు మాత్రం ఈ బెడ్డు ఏ మూలకూ రాదు. దానికి పాత పద్ధతి అమ్మోనియా, రెండూ కలిసి హెక్సమీన్ అనే తెల్లటి పొడిగా మారి నేల మీద పడుతుంది, తుడిచేవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని తేలి చాలా ఏళ్లయింది. ఆపరేషన్ థియేటర్లలో ఇంకా ఫార్మలిన్, పర్మాంగనేట్ గిన్నెలు చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది, ఆ సంగతి ఇంకోసారి.

డక్టు గురించి ఒక మాట. క్యాటలిస్టు రోజువారీ ఏరేషన్‌కే. యంత్రం హోసు ఊడిపోయి ద్రవం నేల మీద పోతేనో, కరెంటు పోయి సైకిల్ మధ్యలో ఆగితేనో గాలిని బయటికి తోయడానికి ఏదో ఒక దారి ఉండాలి. ఓనర్‌కు శాశ్వత డక్టు అని చెబితే భయపడతాడు. కిటికీకి బిగించే, అత్యవసరంలోనే తెరిచే పోర్టు అని చెప్పి, బెడ్డు గుండానే బయటికి పోతుందని చూపించండి. నా అనుభవంలో అలా అడిగితే సగంమంది ఒప్పుకున్నారు. ఫ్యానుకు ఇన్వర్టరు బ్యాకప్ కూడా పెట్టుకోండి.

మీ ప్రశ్నలో ఒక విషయం లేదు: ఫాల్స్ సీలింగు దేనితో చేశారు? పౌడర్ కోటెడ్ ప్యానెళ్లయితే పైన చెప్పిన లెక్కలు దాదాపు నిలబడతాయి. జిప్సం బోర్డు మీద మామూలు పెయింటు అయితే పైకప్పు మొత్తం ఒక పెద్ద స్పాంజి అన్నమాట. క్యాటలిస్టు కొటేషన్ తెప్పించే ముందు దాని మీద ఎపాక్సీ కోటింగు వేయించడానికి ఎంతవుతుందో కనుక్కోండి. సంచుల పరీక్షలో ఏమొచ్చిందో, సీలింగు ఏదో ఇక్కడ రాస్తే బెడ్డు సైజు మళ్లీ లెక్క వేసి చెబుతాను.